ఇంటిపేరున్న బీరువా

మొన్న మా మనవరాలు కాలేజీ నుంచి వచ్చి, లైబ్రరీలో ఎర్రగుడ్డ చుట్టిన తాళపత్రాలు చూశానంది. ఆ గుడ్డ మా గవర్నర్‌పేట బట్టల కొట్లోదే. మూడో ఫారంతో బడికి దణ్ణం పెట్టేసిన నాకు కాలేజీ చదువులో దక్కిన వాటా అంతే. అయినా గజంబద్దతో కొలుచుకుని గర్వపడటం నాకు చేతకాదు.

పందొమ్మిదివందల నలభైల్లో ఆ లైబ్రరీ మా బావ చేతిలో ఉండేది. పాత రాతప్రతులు భద్రం చేయడానికి కాలేజీవాళ్లు ఒక పంతులుగారిని కూడా పెట్టారు. పుస్తకమన్నాక నలుగురూ తీసి చదవాలని బావ, ఎవరూ ముట్టుకోకూడదని పంతులుగారు. ఒకే వంటింట్లో అత్తాకోడళ్లలా మసిలేవారు.

దివిసీమ వైపు ఒక ఊళ్లో, పిల్లల్లేని ఒక మామ్మగారు భర్త దాచిన తాళపత్రాలు కృష్ణలో కలిపేయబోతున్నారని తెలిసింది. పాతబడ్డవాటిని అలా ఏటికి ఇచ్చేవారు అప్పట్లో. ముగ్గురం కాలవలో పడవెక్కాం. పత్రాలు చుట్టడానికి ఎర్రగుడ్డల మూట నాది. గంజి ఉంటే పురుగు పడుతుందని పంతులుగారు గంజి లేని గుడ్డే తెమ్మన్నారు. బావ గంజి చొక్కా ఫెళఫెళలాడుతుంటే, ముందు ఈయన్ని కాపాడండి పంతులుగారూ అన్నాను.

మేం అడగ్గా అడగ్గా మామ్మగారు ఇవ్వడానికి మెత్తబడ్డారు. అంతలో బావ, లైబ్రరీలో వైద్యం పత్రాలు వైద్యంతో, జ్యోతిషం జ్యోతిషంతో సర్దుతానన్నాడు. ఒక ఇంటివి ఒకచోటే ఉండాలని పంతులుగారు అడ్డుపడ్డారు. ఇద్దరూ ఆవిడ ముందే వాదులాడుకుంటుంటే, ఆవిడ తాళపత్రాల మూట మళ్లీ ఒళ్లోకి లాక్కున్నారు.

"నాతో ఈ ఇంటిపేరు ఆగిపోతుంది నాయనా. వీటిచేత కూడా వేరుకాపురాలు పెట్టిస్తారా? కృష్ణలో అయినా కలిసుంటాయిలే."

బావ పంతులుగారి వైపు తిరిగాడు.

"బీరువాలో మీరన్నట్టే ఉంచుదామండీ. ఆ విడదీయడమేదో పట్టిక రాసే నా కార్డుల్లో చేసుకుంటాను."

"అయితే ఆ కార్డులు మీ పక్కన కూర్చుని నేనూ రాస్తాను" అన్నారు పంతులుగారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. "విడిదిల్లు ఒక్కటే మామ్మగారూ, భోజనాలకే వరసవారీ పిలుపులు" అన్నాను. ఆవిడ నవ్వి, బీరువా మీద ఇంటిపేరు రాస్తారా అని అడిగారు. పెద్దక్షరాలతో రాస్తామన్నాడు బావ. ఆవిడ మూటని ఇద్దరి చేతుల్లోనూ కలిపి పెట్టారు.

ఆ తర్వాత డెల్టాలో ఎన్ని ఇళ్లవాళ్లో తమ మూటలు తామే తెచ్చి ఇచ్చారు. ఒక్కో బీరువా తలుపు మీద ఒక్కో ఇంటిపేరు, లోపల మా ఎర్రగుడ్డ. పట్టణంలో అలాంటి కాలనీ మరొకటి లేదని నా కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి.

ఇప్పటికీ లైబ్రరీలో ముందుగా "ఏ ఇంటివి కావాలమ్మా?" అనే అడుగుతారట. మామ్మగారి ఇల్లు పడిపోయి ఎన్నేళ్లయిందో. ఆ ఇంటిపేరు పెట్టి పిలిస్తే పలికే గుమ్మం మాత్రం కాలం ఇంకా మూయలేదు.