నాచారం షెడ్డులో స్వరూపక్క బొటనవేలు

దయ్యాల్ని నేను నమ్మను. హైదరాబాద్‌లో నాలుగు అద్దె ఇళ్లు మారాను. ఆ ఓనర్లను చూశాక మిగతావాటికి భయపడే ఓపిక మిగల్లేదు. అందుకే ఇది చెప్పడానికి నాకే కాస్త మొహమాటంగా ఉంది.

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక రేకుల షెడ్డు మా కంపెనీ. రోబో చేతులకు స్పర్శ తెలిసే మెత్తటి ప్యాడ్లు చేస్తాం. సిలికాన్ రబ్బరులో అయస్కాంతపు పొడి కలిపి అచ్చులో పోస్తాం. కింద ఒక చిన్న చిప్. ప్యాడ్‌ను నొక్కితే రబ్బరు అణుగుతుంది, అయస్కాంత క్షేత్రం కాస్త మారుతుంది, చిప్ అది పసిగడుతుంది, స్క్రీన్ మీద గీత లేస్తుంది. ఇందులో మహిమలేవీ లేవు, పెట్టుబడి అడిగేటప్పుడు తప్ప.

పొడి కలిపి అచ్చు పోసేది స్వరూపక్క. జనగామ వైపు మనిషి, ఉండేది పీర్జాదిగూడలో. అచ్చులోంచి తీసిన ప్రతి ప్యాడ్‌నూ చిప్ మీద పెట్టి, పప్పు ఉడికిందో లేదో చూసినట్టు, బొటనవేలితో టకటకా రెండుసార్లు నొక్కి, మూడోసారి నొక్కిపట్టి మెల్లగా పక్కకు రాస్తుంది. స్క్రీన్ మీద రెండు చిన్న మొనలు, వెనకే ఒక పొడవాటి వాలు. కంపెనీ నడిపే మా సార్ వద్దన్నా మానలేదు. చివరికి దాన్నే మా మొదటి టెస్టుగా పెట్టుకున్నాం.

పోయిన వానాకాలం ఆమెకు పక్షవాతం వచ్చింది. మాట బాగానే ఉంది, కుడిచెయ్యి పడిపోయింది. ఇల్లు ఆ చేతిమీదే నడిచేది. ఉప్పల్‌లో దవాఖానాకు చూడ్డానికి వెళ్తే, ఆ చేతిని దిండుమీద ఎవరిదో వస్తువులా పెట్టుకుని ఉంది.

"ఒత్తుతనే ఉన్న తమ్మీ. ఏడనో తగుల్తుంది గూడ. ఏడనో తెలుస్తలేదు," అంది.

నవ్వించడానికి ఏదో ఒకటి అందామనుకుని, దిండు సర్ది వచ్చేశాను.

ఆ వారమే, పట్టపగలు, షెడ్డులో టెస్టులకు పెట్టుకున్న రోబో చేతి బొటనవేలికి తొడిగిన ప్యాడ్ గీత లేపింది. దగ్గర ఎవరూ లేరు. రెండు మొనలు, ఒక వాలు.

"అన్నా, ఇది స్వరూపక్క గీత కాదా?" అన్నాడు సర్క్యూట్లు చూసే నరేష్.

మా సార్‌ది గుంటూరు. "నాయిస్ అండీ. దానిక్కూడా పేర్లు పెట్టకండి," అన్నారు.

నాయిస్ సంగతి మాకూ తెలుసు. లారీ పోతే గీత వణుకుతుంది, వేడెక్కితే మెల్లగా జరుగుతుంది. ఇది ఆ రెండూ కాదు. ఫోన్లు, స్క్రూడ్రైవర్లు దూరం పెట్టాం. చిప్ మార్చాం. ప్యాడ్ మార్చాం. మళ్లీ వచ్చింది.

కంటికి కనబడని కదలిక కూడా మా ప్యాడ్‌కు తెలుస్తుంది. ఆ చేతిలో ఏమైనా మిగిలి ఉందేమో తేల్చుకుందామని ఒకటి దవాఖానాకు తీసుకెళ్లి ఆమె బొటనవేలి కింద పెట్టాను. వైరు నా ల్యాప్‌టాప్‌కే, ఇంటర్నెట్ లేదు. షెడ్డులో రోబో చేతి ముందు కూర్చుని నరేష్ ఫోన్‌లో ఉన్నాడు. ఆమె ఎప్పుడు ప్రయత్నిస్తుందో వాడికి తెలియకుండా నా వైపు మైకు ఆపేశాను.

"ఒత్తిన," అంది స్వరూపక్క.

నా స్క్రీన్ మీద గీత కదల్లేదు.

"వచ్చిందన్నా!" ఫోన్‌లో నరేష్.

కాసేపాగి ఆమె మళ్లీ ఒత్తింది. వాడు మళ్లీ అరిచాడు. ఆమె ఊరుకుంటే వాడూ ఊరుకున్నాడు. నేను వైరు ఇంకోసారి చూసుకున్నాను. స్వరూపక్క మాత్రం ఫోన్ వైపు కోపంగా చూసింది.

"నాచారంల ఉన్నదా? నేనీడ పండుకుంటే అదొక్కతే డ్యూటీకి వోయిందా! రమ్మను దాన్ని."

ఆ తర్వాత వీలైనప్పుడల్లా వెళ్లేవాణ్ణి. దవాఖానాలో ఏమీ లేదు, షెడ్డులో వస్తుంది. ఒకరోజు నా స్క్రీన్ మీద గీత గోరంత లేచింది. ఇంకోసారి. వెనకే తడబడుతూ ఒక వాలు.

"ఏందన్నా, ఒత్తలేదా?" అన్నాడు నరేష్. "ఈడ ఏం రాలే."

స్వరూపక్క తన బొటనవేలినే చూస్తూ ఏడుస్తోంది.

నాచారంలో ఆ గీత మళ్లీ రాలేదు. నాకు తెలిసిన ఫిజిక్సంతా వాడి చూశాను; అదేం పెద్ద మొత్తం కాదు. ఎలా జరిగిందో ఇప్పటికీ తెలియదు. సార్ ఇంకా నాయిసే అంటారు. అయితే ఆ రోబో చేతిని కొంటామని వచ్చినవాళ్లకు మాత్రం ఇవ్వలేదు. ఎందుకని మేం అడగలేదు.