కలిదిండి కాటా మీద ఎనభై కిలోలు

దయ్యాల కబుర్లు మొదలైతే అన్నం మధ్యలోనైనా లేచిపోయే మనిషిని నేను. మా నాన్నగారు తాడేపల్లిగూడెం చర్చిలో సంఘ పెద్ద. పోయినవాళ్ళు దేవుడి దగ్గర ఉంటారు గానీ చింతచెట్ల మీద ఉండరు అనేవారు. ఆ మాట పట్టుకునే యాభై రెండేళ్ళు బతికాను. ఇప్పుడు రాస్తున్నది కూడా దయ్యం కథ అనుకుని రాయడం లేదు. నా లెక్క ఒకటి తప్పింది. ఎక్కడ తప్పిందో ఎంత వెతికినా దొరకలేదు.

నాకొక పెద్ద డీజిల్ పికప్పు, దాని వెనక తగిలించే మూసిన ట్రైలరు ఉన్నాయి. ట్రైలరంటే చక్రాల మీద రేకుల గది అనుకోండి. వెనక తలుపు కిందికి వాలిస్తే అదే ర్యాంపు. కారెక్కించి, నాలుగు చక్రాలకీ బెల్టులు బిగించి, తలుపు మూసి, అడిగిన చోటికి చేరుస్తాను. దుమ్ము పడకూడని కొత్త కార్లు, గీత పడకూడని పాత కార్లు నాకు వస్తుంటాయి.

ఈ పనిలో బరువే ప్రాణం. కారు నాలుగు వేళ్ళు వెనక్కి జరిగినా, లోపల లెక్కలోకి రాని బరువున్నా రోడ్డు మీద ట్రైలరు ఊగి పికప్పునీ ఊపేస్తుంది. అందుకని వెళ్ళేటప్పుడు లారీలు తూచే కాటా మీద ఖాళీగా ఒకసారి, కారెక్కించాక అదే కాటా మీద ఇంకోసారి తూస్తాను. కొట్లో తూచి ఇచ్చిన కందిపప్పుని కూడా ఇంటికొచ్చి తూస్తానని మా ఆవిడ దెప్పుతుంది. నిజమే, తూస్తాను.

పోయిన ఏడాది వానలు వెలిశాక కలిదిండి దగ్గర ఒక ఊరి నుంచి ఫోన్ వచ్చింది. చేసినావిడ పేరు రత్నకుమారి. ఆమె భర్త ఆనందరావుగారు చేపల చెరువులు చేసేవారట, జబ్బు చేసి పోయి ఎనిమిది నెలలైంది. కారుని ఏలూరులో ఒకాయన కొనుక్కున్నారు. కారు నడుస్తుంది కదా, డ్రైవరుని పెట్టుకుంటే సరిపోతుందిగా అన్నాను. బేరం పోగొట్టుకునే మాటే అయినా అనకుండా ఉండలేను.

ఊళ్ళో ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరిని పాము కరిచినా ఆ కారులోనే ఆస్పత్రికి తీసుకెళ్ళేవారట. అది వీధిలోంచి వెళ్తుంటే జనమంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడతారని, ఆయన్ని రెండోసారి సాగనంపినట్టుంటుందని ఆవిడ భయం. ఎవరికీ కనపడకుండా తీసుకెళ్ళమన్నారు. కాగితాల మీద సంతకాలు చేయాలి కాబట్టి తనూ వస్తానన్నారు.

పొద్దున్న పదింటికి కారెక్కించి బయల్దేరాం. ఆవిడ పికప్పులో నా పక్క సీట్లో కూర్చున్నారు. కాటా దాకా నాలుగు కిలోమీటర్లు. చెరువు గట్ల మధ్య నెమ్మదిగా పోతుంటే, నేనేమీ అడగకుండానే చెప్పుకొచ్చారు. జబ్బు ఆఖరికి ఆయన్ని ఎముకల గూడు చేసేసింది. పెళ్ళి ఫొటో ఎదురుగా పెట్టుకున్నా, కళ్ళు మూస్తే ఆ మంచం మీది మనిషే కనపడుతున్నారట.

"ఇరవై రెండేళ్ళు కాపరం చేశానండీ. నా మనిషి ముఖం నాకు గుర్తు రావట్లేదు. ఇంతకన్నా శిక్ష ఉంటుందా అన్నయ్యగారూ?"

గేరు మార్చాను. ఆవిణ్ణి చూస్తే చాలా జాలేసింది.

ఆ కాటా చేపల లారీల కోసం పెట్టింది. ఐసు నీళ్ళు కారి చుట్టూ ఎప్పుడూ తడిగా ఉంటుంది. వెళ్ళేటప్పుడు నా ఖాళీ బండి, ట్రైలరుతో కలిపి, మూడు వేల రెండు వందల అరవై తూగింది. కారు బరువు ఆర్‌సీ ప్రకారం వెయ్యీ ఎనభై. రెండూ కలిపితే నాలుగు వేల మూడు వందల నలభై రావాలి. కాటా నాలుగు వేల నాలుగు వందల ఇరవై చూపించింది. ఎనభై కిలోలు ఎక్కువ.

మనుషులు లోపల కూర్చుని ఉండగా తూచడం మా పనిలో అందరూ చేసే పొరపాటు. అదేనేమో అనుకున్నాను. కానీ నేను కాటా అంకెలు చూపించే తెర దగ్గరే నిలబడి ఉన్నాను. ఆవిడ అప్పటికే దిగి, కాటా గది ముందు కుర్చీలో కూర్చున్నారు. పికప్పు ఖాళీ.

ట్రైలరు తెరిచాను. కారు డిక్కీలో స్టెప్నీ, జాకీ తప్ప ఏమీ లేవు. సీట్ల కింద చెయ్యి పెట్టి చూశాను. ట్యాంకులో రెండు లీటర్లుంటే ఎక్కువ. ఆర్‌సీలో రాసినట్టు ఏ కారూ తూగదండీ, దాని గురించి బుర్ర పాడుచేసుకోకండి అన్నారు కాటా దగ్గర కూర్చునే పెద్దాయన. సరే, కారు దించి విడిగా తూస్తానన్నాను. ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు గానీ కాదనలేదు. లారీలు కూడా లేవు ఆ వేళకి.

కారు విడిగా వెయ్యీ ఎనభై. బండి విడిగా మూడు వేల రెండు వందల అరవై, పొద్దున్న ఎంతో అంతే. కారెక్కించి, బెల్టులు బిగించి, తలుపు మూసి మళ్ళీ కాటా ఎక్కించాను. నాలుగు వేల నాలుగు వందల ఇరవై.

పెద్దాయన కాటా మీటరు ఆపి మళ్ళీ వేశారు. అంకె మారలేదు. వెళ్ళి కాటా గది నీడలో నిలబడ్డాను. భయమని ఇప్పుడు ఒప్పుకుంటాను, అప్పుడు ఎండ దెబ్బ అనుకున్నాను.

ఆవిడ లేచొచ్చి ఏమైందని అడిగారు. చెప్పకూడదనుకున్నాను గానీ అబద్ధం నోటికి రాలేదు. ఎనభై కిలోలు ఎక్కువ చూపిస్తోందమ్మా, ఎందుకో తెలియడం లేదు అన్నాను.

ఆవిడ ట్రైలరు దగ్గరికి నడిచారు.

"ఆస్పత్రిలో ఆఖరిసారి తూచినప్పుడు ఆయన నలభై ఒక్క కిలోలే ఉన్నారండీ. జబ్బు రాకముందు ఎనభై ఉండేవారు."

మూసిన ట్రైలరు తలుపు మీద చెయ్యి వేశారు.

"అయితే మళ్ళీ ఒళ్ళు చేశారన్నమాట."

ఆ ముఖంలో ఏడుపు లేదు. పండక్కి పుట్టింటికొచ్చిన పిల్లని చూసి తల్లి అనే మాటలా అన్నారు.

కైకలూరు దాటి కొల్లేరు వంతెన ఎక్కేసరికి ఆవిడకి మాటలొచ్చాయి. పొట్టకి సీటుబెల్టు చాలక ఆయన విసుక్కునేవారట. భోజనమయ్యాక అరుగు మీద వెల్లకిలా పడుకుని, పొట్ట మీద రేడియో పెట్టుకునేవారట. నవ్వితే ఆ రేడియో ఎగిరేదట. చెబుతూ ఆవిడే నవ్వారు. ఏలూరు ఏ పని మీద వెళ్ళినా తనని ఒంటరిగా పంపేవారు కాదని, ఇవాళ కూడా అందుకే వచ్చి ఉంటారని అన్నారు. నాతో కాదు, కిటికీలోంచి నీళ్ళకేసి చూస్తూ అన్నారు.

ఊరు చేరే ముందు ఇంకోసారి తూచి, దారిలో బరువు తేడా వచ్చిందేమో చూసుకోవడం నా అలవాటు. ఏలూరు శివార్లలో ఒక కాటా ఉంది. బండి నెమ్మది చేసి ఎడమకి సిగ్నల్ వేశాను. ఐదు నిమిషాల పని. లెక్క తేలిపోయేది.

"ఇక తూచకండి అన్నయ్యగారూ," అన్నారు.

సిగ్నల్ తీసేశాను.

ఆ రోజు కాటా దగ్గర ఇచ్చిన స్లిప్పులు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. నాకు తెలిసిన మెకానిక్కులకి చూపించాను. కాటా కింద మట్టి ఇరుక్కుని ఉంటుందన్నారు ఒకరు, చక్రం అంచుకి ఆని ఉంటుందన్నారు ఇంకొకరు. కావచ్చు. అలాగైతే విడివిడిగా తూచినప్పుడు లెక్క ఎలా సరిపోయిందో వాళ్ళు చెప్పలేకపోయారు, నేనూ చెప్పలేను. ఆ తరవాత ఆ కాటా మీద చాలాసార్లు తూచాను, ఒక్కసారీ తేడా రాలేదు. ఏలూరు చేరేసరికి ట్రైలరులో ఎంత బరువుందో మాత్రం నాకు తెలియదు. ఇన్నేళ్ళ పనిలో నేను తెలుసుకోవద్దనుకున్న బరువు అదొక్కటే.