మా పాప కోసం అత్త నేసిన పట్టీ

మా పక్కింటి అత్త పోయిందని ఆమె కోడలు ఫోన్ చేసినప్పుడు నేను విజయనగరంలో అమ్మావాళ్ళింట్లో ఉన్నాను. "ఆయాసం ఎక్కువైపోనాది వదినా. అంబులెన్సు ఘాట్ రోడ్డు దిగతా ఉండగానే..." అని ఆగిపోయింది. నేను ఆ పూటే అరకు బస్సెక్కాను.

ఆమె నాకు చుట్టం కాదు. మా ఆయనకు అరకు బడిలో ఉద్యోగం వచ్చినప్పుడు మేం అద్దెకు దిగిన ఇంటి పక్కిల్లు ఆమెది. పగలంతా కాఫీ తోటలో పని. సాయంత్రం అరుగు మీద కూర్చుని పొడవాటి నూలు పట్టీలు నేసేది. మగ్గం లేదు. పోగుల ఒక కొస కిటికీ ఊచకు, రెండో కొస తన నడుముకు కట్టుకునేది. మధ్యలో బిస్కెట్ల పెట్టె అట్టలోంచి కోసిన చదరపు ముక్కలు. ఒక్కోదానికి నాలుగు మూలలా రంధ్రాలు, రంధ్రానికో పోగు. ముక్కలన్నీ కలిపి తిప్పితే పోగుల మధ్య దారి తెరుచుకునేది. అందులోంచి అడ్డపోగు దూర్చి బిగించేది. ఎర్రటి పట్టీలో నల్లటి కొండల వరస మెల్లగా లేచేది. ఆడవాళ్ళకు పెట్టిన శిక్షణలో ఎప్పుడో నేర్చుకుందట. ఒక్కటీ అమ్మలేదు. అన్నీ ఎవరికో ఒకరికి ఇవ్వడానికే.

నేను నెల తప్పానని తెలిసిన రోజే కొత్త పోగులు కట్టింది.

"గుంటొత్తాదో గుంటడొత్తాడో, ఈపున బిడ్డని కట్టుకోడానికి పట్టీ ఉండాల కదా," అంది.

"ఇప్పట్నుంచేనా అత్తా?"

"కడుపులో బిడ్డలాగే ఇది కూడా. బేగి రమ్మంటే రాదు."

పాప పుట్టింది. ఏడవలేదు.

పెద్దవాళ్ళు నన్ను చూడనివ్వలేదు. చూస్తే మరిచిపోలేనన్నారు. అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "సూడనీండి. దానికి అమ్మ," అంటూ పాపను తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ముక్కు అచ్చం మా ఆయనదే. వేళ్ళు పొడుగ్గా ఉన్నాయి. అత్త తన ఇంటికి వెళ్ళి పట్టీ తీసుకొచ్చింది.

"దీన్ని దాసీమంటావా, దానికిచ్చీమంటావా?"

"ఇచ్చేయ్ అత్తా. దానిదే కదా."

పాపను మెత్తటి గుడ్డలో చుట్టి, ఆ పట్టీతో తన వీపున కట్టుకుంది. పూడ్చడానికి తీసుకెళ్ళాలని మగవాళ్ళు చేతులు చాపినా ఇవ్వలేదు. "నా ఈపు మీద ఊరు సూసుకుంటా వత్తాది," అంది. నిద్రపోతున్న బిడ్డను తీసుకెళ్తున్నట్టు, ఒక చెయ్యి వెనక్కి పెట్టి జోకొడుతూ వాలు దిగింది. కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను. తిరిగొచ్చేటప్పుడు ఆమె వీపు ఖాళీగా ఉంది.

తర్వాత నన్ను ఓదార్చని మనిషి లేడు. అత్త మాత్రం నాకు నేత నేర్పింది. సాయంత్రాలు పిలిచి పోగుల కొస నా నడుముకు కట్టేది. కళ్ళు నీళ్ళతో నిండి నేను వరస తప్పితే, "కోపమొద్దు. ఎనక్కి తిప్పు, మళ్ళా వత్తాది," అనేది. పట్టీ గురించే అనేది. నా కడుపు మళ్ళీ పండలేదు. ఆ మాట ఆమె ఏనాడూ ఎత్తలేదు. నేను వంకరటింకరగా నేసిన మొదటి పట్టీని చేతిలో పెడితే మాత్రం చాలాసేపు నిమురుతూ కూర్చుంది. "అందరికీ నానే నేత్తాను. నాకెవులూ నేయనేదు గుంటా," అంది. అప్పుడు తొలిసారి ఆమె ఏడవడం చూశాను.

నేను వెళ్ళేసరికి పూడ్చేశారు. మట్టిదిబ్బ మీద ఆమె స్టీలు గ్లాసు, దువ్వెన, తోటకు పట్టుకెళ్ళే బుట్ట పెట్టారు. వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక కోడలూ నేనూ మిగిలాం. జల్లు మొదలైంది. ఆ అమ్మాయి చంకలోని గొడుగు తెరిచింది. నాకు పడుతుందనుకున్నాను. వంగి, దాన్ని దిబ్బ మీద పట్టింది.

"అత్తకి సలి పడదు వదినా."

నేనూ ఒక చెయ్యి వేశాను. జల్లు వానయింది. మేమిద్దరం తడుస్తూ, ఆ గొడుగు అక్కణ్ణించి కదలకుండా పట్టుకున్నాం.