మట్టి లేకుండా పూసిన నక్కతోక

ఈ సంగతి నేను చాలా ఏళ్లుగా చెబుతున్నాను, మా వాళ్లెవరూ చెవిన పెట్టలేదు. ఈ వైశాఖంలో మా వరండా ముందు సపోటా చెట్టు మీద ఉన్న అడవి ఆర్కిడ్ మళ్లీ పూసింది. పొద్దున తలుపు తీయగానే ఆ సన్నటి తీపి వాసన తగిలి, దాంతోపాటే నా పాత కోపమూ లేచింది. అందుకే పత్రికకు రాస్తున్నాను.

మాది కడియం దగ్గర మొక్కల తోట. మా పెదనాన్న అంటు కడితే ఎండుకర్రయినా చిగురేస్తుందని ఊళ్లో పేరు. నాకు తొమ్మిదేళ్లప్పుడు, వేసవి సెలవుల్లో, వెదురు కోసం మారేడుమిల్లి వెళుతూ లారీలో నన్నూ ఎక్కించుకున్నారు. ముందురోజు గాలివానకు తడిసిన అడవి వాసన, కొండ మీంచి జారే మంచు, దారి పక్కన విరిగిపడ్డ పెద్ద కొమ్మ, ఆ కొమ్మను కరుచుకుని పట్టీల్లాంటి దళసరి ఆకులతో, గాలిలోకి వేలాడే తెల్లటి వేళ్లతో ఒక మొక్క. దాని దగ్గర పిడికెడు మట్టి లేదు. ఇంటిదాకా దాన్ని ఒళ్లో పెట్టుకుని తెచ్చినదాన్ని నేనే.

ఇంటికొచ్చాక పెదనాన్న దాన్ని కుండీలో పెట్టి, ఒండ్రుమట్టి, పశువుల ఎరువు మెడ దాకా కూరి, పూటకో చెంబు నీళ్లు పోశారు. చెట్టు మీద బతికేదాన్ని మట్టిలో ఎందుకు పాతారని అడిగాను.

"గోదారి మట్టిలో గొడ్డలి కామ పాతినా చిగురేస్తుందే. నువ్వెళ్లి ముంజెలు తిను," అన్నారు.

పనివాళ్లంతా నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ పేర్లతో సహా చెప్పగలను.

పది రోజులకే ఆకులు పసుపెక్కాయి. నీళ్లు చాలలేదని పెదనాన్న ఇంకో చెంబు పెంచారు. వేళ్లు కుళ్లిన కంపు వచ్చాక కుండీని ఎరువుగుంట పక్కన పెట్టించారు. మధ్యాహ్నం పెద్దలు కునుకు తీస్తుండగా నేను ఆ మొక్కను పెరికి, కడిగి, నల్లబడ్డ వేళ్లను నాన్నమ్మ అడకత్తెరతో కత్తిరించి, కొబ్బరిపీచు పరిచి, ఆవిడ పాత చీర అంచుతో మామిడి కొమ్మకు కట్టాను. అడకత్తెర వెతుక్కుంటూ నాన్నమ్మ వచ్చింది.

"చచ్చినదానికి వైద్యం ఏంటే నీకు? సరేలే, బతికితే నీదే," అంది.

ఇక మాకు రోజూ పండగే. ఇస్త్రీ చేసేవాడు బట్టల మీద చిమ్మినట్టు, పొద్దున్నే పిల్లలమంతా చెట్టెక్కి బుగ్గల నిండా నీళ్లు పట్టి దాని వేళ్ల మీద ఊదేవాళ్లం. సగం నీళ్లు కిందివాళ్ల నెత్తిన పడేవి, ఆవకాయకు ఆరబెట్టిన ముక్కల మీద పడిన రోజున మాకు దెబ్బలూ పడేవి. వానలు పట్టాక నీళ్లు మానేశాం. చలికాలంలో రెండు రోజులకోసారి తడిపాం. నడినెత్తి ఎండ తగలకుండా మామిడి ఆకులే కాశాయి. వేరు తెల్లగా ఉంటే దాహం, పచ్చబడితే చాలు అన్నమాట. ఇది నాకెవరూ చెప్పలేదు, నేనే కనిపెట్టాను. కొత్త వేరు బెరడును పట్టుకున్న రోజున నాన్నమ్మ నాకు పూతరేకు ఒకటి ఎక్కువ పెట్టింది.

మూడో వేసవికి, తెల్లటి పూల మీద గులాబీ చుక్కలతో, మూరెడు గుత్తి నక్కతోకలా కిందికి వేలాడింది. ద్రాక్షారామం నుంచి కూడా జనం వచ్చి చూశారు. పెదనాన్న కండువా సర్దుకుని చెట్టు కింద నిలబడ్డారు.

"అంతా మన గోదారి మట్టి మహిమండి," అన్నారు వాళ్లతో.

కొమ్మ మీదున్న నేను, నోట్లో నీళ్లున్న సంగతి మరిచి, మట్టెక్కడుందండీ అనబోయాను. నీళ్లన్నీ ఆయన కండువా మీద పడ్డాయి. నన్ను దింపి లోపలికి పంపారు.

ఇప్పుడు ఆ మామిడీ లేదు, నాన్నమ్మా లేదు. తోటంతా షెడ్లు. విదేశీ ఆర్కిడ్లు ప్లాస్టిక్ బుట్టల్లో బొగ్గుముక్కల మధ్య పూస్తున్నాయి, పైపులు వాటి మీద మంచు చిమ్ముతున్నాయి, పిల్లలెవరూ చెట్టెక్కరు. ఆనాటి మొక్క పిలక ఒక్కటే నా దగ్గర మిగిలింది. మొన్న దాని ఫొటో మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెడితే, పెదనాన్నగారి చేతి చలవ అని పదకొండు మంది రాశారు.

పెదనాన్నా, తొంభై దాటినా ఈ పత్రికను భూతద్దం పెట్టి చదువుతారని నాకు తెలుసు. గుత్తి ఇంకో పది రోజులుంటుంది. ఆదివారం కారు పంపుతున్నాను. చెట్టు కింద మీకు కుర్చీ వేయిస్తాను. దీన్ని పూయించింది ఎవరో ఆ పదకొండు మంది వినేలా మీ నోటితో చెప్పండి. చెప్పాకే కాఫీ.