ఎర్రదీపం మీద నల్ల టేపు

ఆ మంగళవారం పొద్దున ఫ్యాక్టరీ షెడ్డులో నలుగురం ఉన్నాం. మేనేజరు గారు, టైమాఫీసు గుమాస్తా, జీపు డ్రైవరు ఏసోబు, నేను. ఉన్న వస్తువులు: జీపు, దాని తాళంచెవి, డాష్‌బోర్డు కింద బిగించిన వైర్‌లెస్ సెట్టు, గుమాస్తా చేతిలో కాగితం, నా చొక్కా జేబులో అంగుళం పొడవు నల్ల టేపు ముక్క. ఆ చివరిదాని సంగతి మిగతా ముగ్గురికీ తెలియదు. ఆరేళ్లుగా ఎవరికీ తెలియదు. ముక్కను ఎప్పుడో పారేశాను. దాని బరువు ఇంకా మోస్తూనే ఉన్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. వరుసగా చెబుతాను. వరుస తప్పితే నన్ను నేను తప్పించుకుంటాను.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. ఎలక్ట్రికల్ డిప్లొమా చేతికొచ్చి ఏడాది. పటాన్‌చెరు దగ్గర మా ఫ్యాక్టరీకి నీళ్లు మంజీర ఒడ్డున ఉన్న పంపుహౌసు నుంచి వచ్చేవి. అక్కడ టెలిఫోను లేదు. అందుకని పంపుహౌసులో ఒకటి, గేటు దగ్గర ఒకటి, జీపులో ఒకటి వైర్‌లెస్ సెట్లు పెట్టారు. జీపులో బిగించే పని నాది.

సెట్టుకు మూడు తీగలు. లావుపాటి ఎర్రది ఫ్యూజు మీదుగా నేరుగా బ్యాటరీకి. నల్లది బండి ఇనుప ఒంటికి. సన్నటి పసుపుది ఇంజను తాళం స్విచ్చికి. తాళం తిప్పితే పసుపు తీగకు కరెంటు అంది సెట్టు లేస్తుంది. తీస్తే ఆగిపోతుంది. బండి నిలిచి ఉన్నప్పుడు బ్యాటరీ ఖాళీ కాకుండా చూడటమే ఆ తీగ పని.

పెట్టెలో వచ్చిన పసుపు తీగ స్విచ్చి దాకా అందలేదు. కొత్త తీగ కావాలంటే స్టోర్సుకు చీటీ రాయాలి, చీటీ మీద ఫోర్‌మన్ సంతకం ఉండాలి. ఫోర్‌మన్ భోజనానికి వెళ్లాడు. మధ్యాహ్నం లోపల సెట్టు మాట్లాడుతుందని మేనేజరు గారికి నేనే గొప్పగా చెప్పి ఉన్నాను. పసుపు తీగను సెట్టు వెనకాలే ఎర్రతీగకు కలిపేసి టేపు చుట్టాను. అలా కలిపితే తాళం తీసినా సెట్టు ఆగదు. సెట్టు మాట్లాడింది. మేనేజరు గారు భుజం తట్టారు. రేపు మారుద్దాం అనుకున్నాను. ఎన్ని రేపులు వచ్చాయి?

సాయంత్రం ఏసోబు బండి ఎక్కి చూశాడు. కంది ఊరి నుంచి సైకిల్ మీద వచ్చే మనిషి, నలభై అయిదేళ్లుంటాయి. నన్ను పిలిచే తీరులో సగం మర్యాద, సగం వేళాకోళం.

"డిప్లొమా సారూ, చాబీ తీస్తే ఇది బంద్ అయితదా?"

"అయితది ఏసోబన్నా."

"మల్ల గీ ఎర్రకన్ను మూసుకుంటలేదేంది? చాబీ నా చేతులనే ఉన్నది, సూడుండ్రి."

సెట్టు ముందున్న చిన్న దీపం వెలుగుతూనే ఉంది.

"అది ఒట్టి దీపమే. సెట్టు బంద్ అయింది. పరేషాన్ కాకన్నా."

"సదువుకున్నోళ్లు మీరు. మీరు బంద్ అంటే బందే. నాదేంది, బ్యాటరీ పండుకుంటే బండి నూకేది నేను గద, మీరు కాదు."

నవ్వాను. జేబులోంచి టేపు తీసి, ఒక ముక్క కత్తిరించి ఆ దీపం మీద అతికించాను.

తీగ కలపడాన్ని తొందరపాటు అనుకోవచ్చు. టేపును ఏమనాలి? చూసినవాడు అడిగాడు, అడిగినవాడికి కనపడకుండా చేశాను. దానికి ఇంకో పేరుందా?

బండి రోజూ తిరిగేది, ఆదివారాలు కూడా. తిరిగినప్పుడల్లా బ్యాటరీ నిండేది, కాబట్టి నా పని బయటపడలేదు. నెల దాటాక ఏసోబు మొదటిసారి ఆదివారం సెలవడిగాడు. చర్చిలో కోతకాల పండుగ, తన మడిలో పండిన వడ్లు కానుకగా పెట్టాలన్నాడు. శనివారం సాయంత్రం ఆరింటికి బండి షెడ్డులో పెట్టి వెళ్లాడు. సెట్టు ఊరకే ఉన్నా ఒకటిన్నర ఆంపియర్లు లాగుతుంది. సోమవారం పొద్దున ఎనిమిది దాకా ముప్పై ఎనిమిది గంటలు, బ్యాటరీ ఖాళీ కావడానికి చాలు.

ఎనిమిదింటికి గేటు సెట్టులో కబురు. పంపుహౌసులో మోటారు నడిపే మల్లయ్య చెయ్యి బెల్టులో పడింది. ఏసోబు తాళం తిప్పాడు. టక్కుమని ఒక్క చప్పుడు, అంతే. అందరం కలిసి గేటు దాకా నూకాం. నూకితే లేవడానికైనా బ్యాటరీలో కాస్త ప్రాణముండాలి. రోడ్డు మీద లారీని ఆపి పంపేసరికి నలభై నిమిషాలు పోయాయి.

మల్లయ్య బతికాడు. చెయ్యి మణికట్టు దాకా తీసేశారు. ముందే తెచ్చినా దక్కేదో లేదో చెప్పలేమన్నారు డాక్టరు. ఆ మాటను ఎన్నిసార్లు లోపల చెప్పుకున్నానో లెక్క లేదు. డాక్టరు మల్లయ్య చెయ్యి గురించి అన్న మాట అది. నా గురించి కాదు.

ఆ మధ్యాహ్నం బ్యాటరీని ఛార్జింగుకు దింపినప్పుడు షెడ్డులో నేనొక్కణ్ణే. స్టోర్సులో తీగ తెచ్చుకున్నాను. ఆ గందరగోళంలో చీటీ ఎవరూ అడగలేదు. పసుపు తీగను స్విచ్చికి కలిపాను. దీపం మీది టేపు ఒలిచి జేబులో వేసుకున్నాను.

ఇక మంగళవారం నాటి విచారణ. పండుగ తొందరలో హెడ్‌లైట్లు ఆర్పకుండా పోయావని ఏసోబుతో మేనేజరు గారన్నారు. ఏసోబు ఒప్పుకోలేదు. చాబీ తీసినా ఎర్రదీపం వెలిగేదని చెప్పాడు. టేపు మాట మాత్రం ఎత్తలేదు. నన్ను ఇరికించడం ఇష్టం లేకనా? ఇప్పటికీ తెలియదు. మేనేజరు గారు నా వైపు చూశారు. తాళం తిప్పాను, దీపం వెలిగింది. తీశాను, ఆరింది. ఎవరూ అడక్కుండానే ఇంకోసారి చేసి చూపించాను.

ఏసోబు వంగి ఆ దీపాన్ని చాలాసేపు చూశాడు.

"బంద్ అయితున్నది," అన్నాడు మెల్లగా. "గట్లయితే లైట్లు నేనే మరిచిన్నేమో సారూ."

గుమాస్తా ఆ మాట కాగితం మీద రాసుకున్నాడు. వారంలో ఏసోబును పనిలోంచి తీసేశారు.

మొన్న సంగారెడ్డి బస్టాండు దగ్గర కనిపించాడు. ఎవరిదో ట్రాక్టరు నడుపుతున్నాడట. డిప్లొమా సారూ అనే పిలిచాడు. బండి దిగాక ఇప్పుడు మూడుసార్లు తిరిగి చూసుకుంటానని, తన కళ్లను తనే నమ్మనని నవ్వుతూ చెప్పాడు. చెప్పేద్దామని నోరు తెరిచాను. బస్సు వచ్చింది. ఎక్కాను.

మీరు నన్ను క్షమించలేరు, ఆ హక్కు ఉన్నవాళ్లు ఇద్దరే. గుమాస్తా కాగితంలో లేనిది ఇక్కడ రాశాను. రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది.

ఆ రోజు పసుపు తీగకు తక్కువైన పొడవు రెండున్నర అడుగులు.