నేను తోలితేనే గుంజే బండి

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. మార్కాపురంలో నాకు డీజిల్ బండ్లు బాగుచేసే షెడ్డు ఉంది. బండికి దయ్యం పట్టిందని బంపరుకు నిమ్మకాయలు కట్టుకొచ్చిన డ్రైవర్లను చాలామందిని చూశాను. ఫిల్టర్ మార్చి, ట్యాంకులో చేరిన నీళ్లు తీసేస్తే ఆ దయ్యాలన్నీ దిగిపోయేవి. "ఆ నిమ్మకాయలు నాకిచ్చిపో, పులిహోరకు పనికొస్తాయి" అని ఆటపట్టించేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట నోటికి రావడం లేదు.

కాశయ్యది పెద్దారవీడు దగ్గర ఊరు. నాకు చుట్టం కాదు గానీ చిన్నాయనా అని పిలిచేవాణ్ణి. పాత డీజిల్ పికప్‌లో బత్తాయిలు, మిరపకాయ బస్తాలు తోలేవాడు. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ నీళ్లు తాగి తాగి ఆయన మోకాళ్లు బిగుసుకుపోయాయి. ఎక్సలేటర్‌ను రెండుసార్లు అదిమి, ఒకసారి వదిలేవాడు. బండి కూడా రెండు గుంజులు గుంజి, ఒకసారి నీరసపడేది. బండి గుంజుతోందని ఆయన తెచ్చినప్పుడు ఒకటి రెండుసార్లు నేనే తోలి చూశాను, బాగానే నడిచింది. లోపం ఆయన కాళ్లదేనని తేల్చేశాను.

పోయిన ఎండాకాలం మళ్లీ వచ్చాడు. "ఈసారి అట్ల కాదురా. ఎక్కుడులో బండి సచ్చిపోతాంది, ఒక్కసారి చూడు" అన్నాడు. నేను ఒక లారీ కింద పడుకుని పనిలో ఉన్నాను. బయటికి కూడా రాలేదు. "బండికేం కాలేదు చిన్నాయనా, నీ మోకాళ్లు సూపిచ్చుకో పో" అన్నాను. ఆయన నవ్వి వెళ్లిపోయాడు. నేను బానెట్ ఎత్తలేదు.

మూడో రోజు గిద్దలూరు దాటాక అడవి రోడ్డులో ఎత్తు ఎక్కుతుంటే ఆయన బండిని వెనక నుంచి లారీ గుద్దింది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. ముందు బండి గుంజుకుంటూ పోయి ఉన్నట్టుండి ఆగిందని లారీ డ్రైవర్ చెప్పాడట. అది విన్న రోజు నాకు అన్నం దిగలేదు. ఆయన నా దగ్గరికి వచ్చిన సంగతి ఎవరికీ చెప్పలేదు.

నాలుగు నెలలకు ఆయన కూతురు ఈశ్వరి, నలిగిన బాడీ బాగుచేయించి బండిని నా షెడ్డుకు తోలుకొచ్చింది. "ఇంగ నేనే తోలుకుంటా అన్నా. తప్పు బండిదో, నాయన కాళ్లదో నువ్వే తేల్చాల" అంది.

లోపం దొరికితే ఆ చావు నా మెడకు చుట్టుకుంటుంది. నిజం చెప్తున్నాను, దొరక్కూడదనే కోరుకుంటూ బానెట్ ఎత్తాను. డీజిల్ ఫిల్టర్ శుభ్రంగా ఉంది. పైపుల్లో గాలి పట్టలేదు. ట్యాంకులో జాలీ మూసుకుపోలేదు. బాడీ చేసినవాళ్లు ఇంజన్ జోలికి పోలేదని ఈశ్వరి చెప్పింది. నా గుండెల మీది బరువు సగం దిగింది.

ట్రయల్‌కు నేనే ఎక్కాను. పొద్దున పదకొండు గంటలు, చదునైన రోడ్డు, పక్క సీట్లో ఈశ్వరి. ఊరు దాటగానే బండి గుంజింది. రెండు గుంజులు, ఒక వదులు. మళ్లీ రెండు, ఒకటి. నా కాలు వంక చూసుకున్నాను. అది కదలడం లేదు.

ఈశ్వరి తోలితే గుంజలేదు. పక్క షెడ్డు మస్తాన్‌ను పిలిచి తోలమన్నాను, గుంజలేదు. నేను ఎక్కగానే మళ్లీ మొదలైంది. "నీ కాలే వణుకుతాంది భాయ్" అని మస్తాన్ నవ్వాడు. దాంతో పంతం పట్టి ఎక్సలేటర్ కేబుల్ ఊడదీశాను. కేబుల్ లాగే డీజిల్ పంపు లివర్‌ను ఇనుప తీగతో ఒకేచోట బిగించి కట్టాను. ఇక ఎవరు తొక్కినా ఒకటే. ఈశ్వరిని షెడ్డు దగ్గరే ఉండమని, మస్తాన్‌ను ఎక్కించుకుని, సెకండ్ గేర్‌లో పోతూ కుడికాలు వెనక్కి లాక్కుని కూర్చున్నాను. రెండు గుంజులు, ఒక వదులు. అదే తీగతో మస్తాన్ తోలితే నున్నగా పోయింది. మూడుసార్లు మారి మారి కూర్చున్నాం. మస్తాన్ నవ్వడం మానేశాడు.

నా బరువుకు ఏదైనా పైపు నొక్కుకుంటోందేమో అనుకుందామంటే, మస్తాన్ నాకంటే లావు. తర్వాత ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్స్ కూడా విప్పి చూశాను. ఏమీ లేదు. ఆ బండి ఎందుకట్లా చేసిందో నాకు ఈ రోజుకీ తెలియదు.

తీగ కట్టి చూసిన సంగతి ఈశ్వరికి చెప్పలేదు. ఆ రోజు వెళ్లబోతూ ఆమె అడిగింది: "ఆ వారం నాయన నీకాడికి తెచ్చినాడా అన్నా, బండి?"

"తెచ్చినాడమ్మా. బానెట్ ఎత్తి సూసినా. ఏం లేదు" అన్నాను.

"అయితే నాయన కాళ్లదేలే" అని కళ్లు తుడుచుకుంది.

బండి ఇప్పుడు రోజూ తిరుగుతోంది. ఈశ్వరికి ఒక్కసారీ గుంజలేదట. ఆ కాళ్లతో బండెక్కడం కాశయ్యదే తప్పని ఊళ్లో అందరూ అంటున్నారు. మొన్న ఆయన భార్య షెడ్డుకు వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చుని, "మీ చిన్నాయన తప్పుకు ఆ లారీ ఆయన్ను నోటికొచ్చినట్టు తిట్టినా నాయనా. వాళ్ల ఊరికి పోయి సెమించమని అడిగొచ్చినా" అంది.

ఆ రోజు నేను బానెట్ ఎత్తనే లేదని చెప్పాలని నోరు తెరిచాను. "టీ తెప్పిస్తా చిన్నమ్మా" అన్నాను.