ఆసిఫాబాద్ దారిలో నాలుగు దౌడుల చీటీ

ఆసిఫాబాద్ అవతలి జాతరలో గుర్రప్పందేలు చూసి వచ్చినవాళ్ళు గెలిచినవాడి పేరు చెబుతారు, వాడి చేతికొచ్చిన మొత్తం చెబుతారు. ఏ గుర్రాన్ని ఎందుకు ఎంచుకున్నదీ, ఎంత పెట్టి ఎక్కడ ఆగినదీ ఎవరూ చెప్పరు. మా పెద్దపల్లి గ్రంథాలయంలో ఈ విషయం మీద తెలుగులో ఒక్క పేజీ కూడా లేదు. రేపు మరొకరు ఆ దారిన వెళితే నేను చేసిన తప్పు చేయకూడదు. అందుకే రాస్తున్నాను.

నేను మగ్గం నేసేవాణ్ణి. బడి నాలుగో తరగతితో ఆగింది. తరువాతి చదువంతా గ్రంథాలయం బల్ల దగ్గరే. గ్రంథపాలకులు శంకరయ్యగారు ఇచ్చిన ఒక ఇంగ్లీషు పుస్తకాన్ని, నిఘంటువు పక్కన పెట్టుకుని మూడు నెలలు చదివాను. పందెపు గుర్రాన్ని ఎలా అంచనా కట్టాలో, పందెం సొమ్మును ఎలా విభజించాలో అందులో ఉంది.

మా అక్క లచ్చవ్వ భర్త మల్లయ్య బావ పెద్దపల్లి స్టేషన్ ముందు టాంగా తోలేవాడు. వానాకాలంలో అతని గుర్రం చచ్చిపోయింది. నెలాఖరులోగా ఇంకో గుర్రాన్ని కట్టకపోతే స్టేషన్ వరసలో అతని చోటు వేరేవాళ్ళకు పోతుంది. ఓ మాదిరి గుర్రం రెండు వందలు. బావ దగ్గర తొంభై ఉన్నాయి. ఆసిఫాబాద్ అవతల ఒక జాతరలో 'నాలుగు దౌడుల చీటీ' ఆడతారని ఎవరో అతని చెవిన వేశారు. చీటీ రూపాయి. నాలుగు పందేల్లోనూ గెలిచే గుర్రాలను మొదటి పందేనికి ముందే రాసివ్వాలి. జాతర ఖర్చులు పోగా మిగిలినదంతా, నాలుగూ సరిగ్గా రాసినవాళ్ళు పంచుకుంటారు.

"తొంభై పెడుత. వస్తె గుర్రం, పోతె హమాలీ," అన్నాడు బావ.

అక్క నన్ను పక్కకు పిలిచింది. "నువ్వు గూడ పోరా తమ్మీ. గాయనను ఆపేటోడు ఒక్కడుండాలె గదా."

నయాపైసలు వచ్చి రెండేళ్ళయిన రోజులవి. ఉదయం ఏడూ ఇరవైకి పాసింజరు ఎక్కాం. ఆసిఫాబాద్ రోడ్ దాకా తలా రూపాయిన్నర. రామగుండం దాటాక గోదావరి వంతెన మీద అందరూ కిటికీల్లోంచి పైసలు వేశారు. బావ కూడా ఒక బిళ్ళ విసిరి నా నోటుపుస్తకం వైపు చూశాడు.

"గిది గూడ రాస్తవా?"

"రాస్తా. గోదావరికి ఐదు నయాపైసలు."

మంచిర్యాల దాటాక జొన్నరొట్టెలు విప్పి, తింటూ అతనికి లెక్క చెప్పాను. మొదటి పందెంలో రెండు గుర్రాలు, రెండోదాంట్లో మూడు, మూడోదాంట్లో రెండు, నాలుగోదాంట్లో ఒక్కటి రాస్తే, రెండు మూళ్ళు ఆరు, ఆరు రెళ్ళు పన్నెండు. పన్నెండు చీటీలు, పన్నెండు రూపాయలు. నాలుగోదాంట్లో కూడా రెండు రాస్తే ఒక్కసారిగా ఇరవై నాలుగవుతాయి. కాబట్టి అనుమానమున్న చోట ఎక్కువ గుర్రాలు, ధీమా ఉన్న చోట ఒక్కటే. పన్నెండు దాటొద్దని బావ దగ్గర మాట తీసుకున్నాను.

ఎదుటి బెంచీ మీద కాగజ్‌నగర్ పోతున్న ఒక పెద్దమనిషి అంతా విన్నాడు. "లెక్క మస్తుగుంది బిడ్డా. గుర్రాలకు గూడ ఎవలన్న చెప్పిండ్రా మరి?" అన్నాడు. రైలు డబ్బా అంతా నవ్వింది.

పదకొండింటికి దిగాం. పన్నెండున్నరకు ఆసిఫాబాద్ బస్సు, తలా అరవై నయాపైసలు. నా పక్కన గాజులమ్మే గంగుబాయి, ఒళ్ళో గంపతో కూర్చుంది. గుంత వచ్చినప్పుడల్లా "జర హళూ పోనియ్ బా! నా బతుకంత గీ గంపలున్నది," అంటూ నెమ్మదిగా పొమ్మని డ్రైవరు మీద కేకలేసింది. ఆమె కూడా జాతరకే. బస్సు దిగి, హోటల్లో తలా అర్ధరూపాయికి భోంచేసి, ఎండలో మూడు మైళ్ళు ముగ్గురం కలిసే నడిచాం. జాతర ఊరి పంతులు నారాయణరావుగారు, నేను పుస్తకాల మనిషినని విని బడి వరండా ఇచ్చారు. కిరాయి అడగలేదు. కోరి వెళ్ళేవారు దుప్పటి తీసుకెళ్ళండి. అక్కడ తెల్లవారుజామున చలి గట్టిది.

మర్నాడు ఏడింటికే గుర్రాల దగ్గరికి వెళ్ళాను. పందేనికి ఐదు చొప్పున ఇరవై గుర్రాలు. పళ్ళు చూసి వయసు రాసుకున్నాను. ఛాతీ వెడల్పు, శ్వాస, ఎక్కే పిల్లవాడి బరువు, పోయినేడు ఎలా పరుగెత్తిందీ అడిగి రాసుకున్నాను. నాలుగో పందెంలో ఒక పత్తి సావుకారు ఎర్ర గుర్రం ఉంది. ఛాతీ తలుపంత. ఎక్కేవాడు బక్కపలచని కుర్రాడు. నా పుస్తకం చెప్పిన లక్షణాలన్నీ ఉన్నాయి. ధీమాగా దాన్నొక్కదాన్నే రాశాను.

బావ ఆ గుర్రం ఛాతీ తడిమాడు. పట్టా ఒరుసుకుపోయి వెంట్రుక తెల్లబడిన చోటు చూపించాడు.

"బామ్మర్దీ, గిది సవారి గుర్రం గాదు. టాంగాకు కట్టినది. సావుకారు మొన్ననే కొన్నడట. గింతమంది మీద పడుతుంటె చెవి గూడ కదుపుతలేదు సూడు. స్టేషన్ల పనిచేసినట్టున్నది. నాలుగోదాంట్ల ఇంకోటి గూడ రాయి."

"ఇంకోటి రాస్తే ఇరవై నాలుగు. మాటంటే మాటే బావా. అయినా మచ్చల సంగతి పుస్తకంలో లేదు."

"గుర్రం నీ పుస్తకం సదివిందా?" అన్నాడు కానీ, డబ్బు మాత్రం పన్నెండే ఇచ్చాడు.

పదింటికి పందేలు మొదలు. బయలుదేరమనే గుర్తు ఈల. రైలు గార్డులు ఊదేలాంటిదే, లోపల గింజ తిరిగే ఈల. మొదటిదాంట్లో మేము రాసిన బూడిదరంగుది గెలిచింది. రెండోదాంట్లో మా మూడింటిలో నేను తక్కువ నమ్మినది మెడ తేడాతో ముందుకొచ్చింది. మూడోదాంట్లో అన్నిటికన్నా ముందున్న గుర్రం దారి తప్పి జొన్నచొప్ప కుప్ప మీదికి పోయింది. మా రెండోది నింపాదిగా దాటేసింది.

ఇక మూడు చీటీలే బతికి ఉన్నాయని చాటింపు వేశారు. ఒకటి మాది. మొత్తం రెండు వందల డెబ్బై. మూడు చీటీల్లో మూడు వేరు వేరు గుర్రాలు. అంటే ఎర్రది గెలిస్తే అంతా మాదే. బావ నా జబ్బ పట్టుకున్నాడు. ఆ వేళ్ళ గుర్తులు రెండు రోజులు పోలేదు.

ఈల పడింది. నాలుగు గుర్రాలు ఉరికాయి. ఎర్రది నిలబడింది. కుర్రాడు మడమలతో పొడిచాడు, చెర్నాకోల ఝళిపించాడు. గుర్రం నాలుగు కాళ్ళూ నేలలో పాతినట్టు, చెవులు వెనక్కి పెట్టి, ఎవరో ఎక్కాలని ఎదురుచూస్తున్నట్టు నిలబడే ఉంది. మిగతావి చివరికి చేరే దాకా అంతే. జనం ఈలలు వేసి నవ్వారు. ఆ ఈలలకు అది మరింత బిగుసుకుంది.

బావ మెల్లగా గొంతుక్కూచున్నాడు.

"స్టేషన్ గుర్రమే. గార్డు ఈలేసే యాళ్లకే గదరా పాసింజర్లు పిల్లల్తోటి, మూటల్తోటి టాంగా ఎక్కేది. అప్పుడు గుర్రం కదిలితె ఎవనిదో కాలిరుగుతది. ఈల ఇంటె నిలవడాలె. మేం కొట్టకుంట, బెల్లం పెట్టుకుంట ఏడాది నేర్పుతం."

"ముందే చెప్పొచ్చు కదా?"

"ఈలతోటి ఉరికిస్తరని నాకేం ఎరుక? ఇంకోటి రాయమని అన్నగా."

మొత్తమంతా గంగుబాయికి వచ్చింది. ఆమె వేసింది ఒకే ఒక్క చీటీ. ఎలా ఎంచుకున్నావని నోటుపుస్తకం తెరిచి అడిగాను. "నా గంప నీళ్ళతొట్టి పక్కకే గదా. కడుపునిండ తాగినయి ఉరుకయ్ బా. తాగనియ్యకుంట ఆపుకున్నోళ్ళయి రాపిచ్చిన," అంది. మూడు నెలల నా చదువులో ఈ మాట రాలేదు. అక్కడే రాసుకున్నాను.

అంతలో సావుకారు అరుపులు. "దీన్ని ఎవడన్న తీస్కపోండ్రి! పదూళ్ళల్ల నా ఇజ్జత్ తీసింది."

గుర్రం చేసినది తప్పు కాదని ఆయనకు వివరించబోయాను. బావ నా తొడ గిల్లాడు. తరువాత తల గోక్కుంటూ, "చెవుడున్నట్టుంది సేటూ. బరువులు మోపియ్యనీకె అక్కరకొస్తదేమో," అన్నాడు. సావుకారు నూట ఇరవై అన్నాడు. బావ అరవై అన్నాడు. అరగంట తరువాత డెబ్బై రెండుకు తాడు చేతికొచ్చింది. సావుకారుకు నిజం చెప్పి ఉండవలసిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. "తెల్వక కొన్నోడు తెల్వకనే అమ్మిండు," అంటాడు బావ.

సావుకారు బండి కనుమరుగయ్యాక బావ ఆ ఈల అడిగి తెచ్చాడు. గంగుబాయి గాజులగంప తీసుకుని గుర్రం వీపు మీద పెట్టాడు.

"అగో, నా గంప!" అని ఆమె అరిచింది.

బావ ఈల ఊదాడు. జాతర పిల్లలంతా గుర్రం చుట్టూ మూగారు. గంపలో ఒక్క గాజు గలగలమనలేదు. గంగుబాయి గంప దించుకుని, లోపలంతా చూసుకుని, ఒక డజను ఎర్రగాజులు తీసి బావ చేతిలో పెట్టింది. "నీ ఇంటామెకు. పైసలొద్దు. గెలిచిన గదా."

ఆ సాయంత్రానికి ఆసిఫాబాద్ చేరి సత్రంలో పడుకున్నాం. తెల్లవారి గుర్రంతో స్టేషన్‌కు నడిచాం. బావ దగ్గర మిగిలింది గడ్డికి మాత్రమే. గుర్రాన్ని నడిపించుకుంటూ ఐదు రోజుల్లో వస్తానన్నాడు. నేను పదకొండున్నర పాసింజరు ఎక్కాను. ప్లాట్‌ఫారం కొసన కంచె అవతల ఇద్దరూ కనిపించారు. గార్డు ఈల ఊదాడు. ఇంజను పొగ వాళ్ళను కమ్మేసింది. పొగ తొలగేసరికి బావ ముక్కు మూసుకుని దగ్గుతున్నాడు. గుర్రం చెవి కూడా కదపలేదు.

పెద్దపల్లి చేరేదాకా కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాను. పన్నెండు దాటకపోవడం మంచిదే అయింది. లేకపోతే గుర్రం కొనడానికి చాలేది కాదు. కానీ ఏ జంతువును అంచనా కట్టినా, అది అంతకుముందు ఏ పని చేసిందో మొదట అడగాలి. నా పట్టికలో ఆ గడి లేదు. ఇప్పుడు గీశాను.

పుస్తకాన్ని గడువు దాటినా ఉంచుకోనిచ్చిన శంకరయ్యగారికి, వరండా ఇచ్చిన నారాయణరావుగారికి, నీళ్ళతొట్టి రహస్యం చెప్పిన గంగుబాయికి, నన్ను పంపిన లచ్చవ్వ అక్కకు, తన పన్నెండు రూపాయలు నా చదువు మీద పెట్టి ఇంతవరకూ ఒక్క మాట అనని మల్లయ్య బావకు నా కృతజ్ఞతలు.